బొడ్లో అగ్గిపెట్టె

"ఆ అగ్గిపెట్టె ఇటియ్యక్కా," అని రాహేలు బొడ్లో దోపుకున్నదాన్ని అడిగి తీసుకుని, కళావతి భిక్షపతి చేతిలో పెట్టింది.

భిక్షపతితో కలిపి బుద్ధి ఎదగని ఆరుగురు పెద్దవాళ్లుండే ఇల్లది, ఉప్పుగూడలో. తొమ్మిదేళ్లుగా వాళ్ల స్నానం, తిండి, పక్క అన్నీ రాహేలే చూస్తూ వచ్చింది. ఇంటి పెత్తనం మాత్రం నెల కిందట వచ్చిన ఈ చిన్నదానికిచ్చారు.

"ఇల్లు తగలబడితే ఎవరు జవాబిస్తరు మేడమ్?" అంది రాహేలు.

"నేనిస్త. జర చూద్దాం ఉండక్కా," అంది కళావతి.

వాడు చెయ్యి కాల్చుకుంటే బాగుండనుకుంది రాహేలు. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

ముప్పయ్యేళ్ల భిక్షపతి వత్తులు పైకి లేపి కిరోసిన్ స్టవ్ ముట్టించి చాయ్ పెట్టాడు. అది పొంగబోతుంటే కొంగు కోసం భుజం తడుముకున్నాడు. అక్కడ కొంగు లేదు. చొక్కా అంచుతో గిన్నె దించాడు.

"ఎవరు నేర్పిన్రురా? మేడమేనా?" అడిగింది రాహేలు.

"కాదు, నువ్వే. రోజూ నిన్నే చూస్తుంటి గద," అంటూ మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాడు.

రాహేలు కళావతి వంక గెలిచినట్టు చూసింది. "మరి ఇన్నేండ్లు ఎన్నడూ చాయ్ పెట్టలేదేందిరా?"

"నువ్వు అగ్గిపెట్టె ఇయ్యలేదక్కా."