చాకో తుపాకీ

క్రిస్పిన్ అయాలా పొద్దుట్నుంచి గేటుకీ గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

గదిలో నాన్న మెషిన్‌గన్ ఉంది. పరాగ్వేకీ బొలీవియాకీ జరిగిన చాకో యుద్ధంలో బొలీవియా సైన్యం దగ్గర పట్టుకున్నది. అలాంటిది ఇంట్లో ఉంచుకోవాలంటే, అది యుద్ధంలో దొరికిందేనని కళ్లారా చూసినవాళ్లెవరైనా వచ్చి, తుపాకీని గుర్తుపట్టి చెప్పాలట. లేకపోతే కొలిమికే. గడువు ఇవాళే, మధ్యాహ్నం ఆఫీసరు వస్తాడు. నాన్న పోయాడు. ఆయన దళంలో ఒక్కరూ మిగల్లేదు.

“అర్జెంటీనాలో మీ స్నేహితుడు గొట్టం మూయించేసి హాయిగా ఉంచుకున్నాడుగా. మనమూ అదే చేద్దాం,” అంది భార్య నార్సిసా.

“అక్కడి చట్టం వేరే. నా ప్రాణం తియ్యకే.”

గేటు బయట ఎవరో పిలుపుగా చప్పట్లు కొట్టారు.

బక్కపలచని ముసలాయన. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“బాబూ, మీ దగ్గర పాత మెషిన్‌గన్ ఉందట. ఒక్కసారి చూడనిస్తారా?” అన్నాడు స్పానిష్‌లో.

క్రిస్పిన్ గేటు తియ్యలేదు. పోయిన నెలే పక్క ఊళ్లో తుపాకులు సేకరించేవాడి ఇల్లు దోచారు. ముందుగా ఒకడు ఇలాగే వచ్చి చూసి వెళ్లాడట.

“ఎవరు పంపారు నిన్ను?” ఇంటి భాష గ్వారానీలో అడిగాడు.

ముసలాయన అర్థంకాక చూశాడు.

పరాగ్వేలో పుట్టి, ఆ వయసుకి గ్వారానీ రాకపోవడమా? అనుమానం గట్టిపడింది.

“మనవాడివి కావన్నమాట. ఏ ముఠా నీది?”

“ముఠా ఏంటి బాబూ. లోపల కూర్చోనిస్తే అన్నీ చెప్తా. ఆఫీసరుగారు వచ్చేదాకా...”

“ఆయనొచ్చే సంగతీ ఆరా తీశావా? నడు. లేదంటే కుక్కల్ని వదుల్తా.”

ముసలాయన కిటికీ వైపు ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

“గుమ్మంలోకి వచ్చినవాడికి గుక్కెడు చల్లటి టెరెరే తేనీరైనా పొయ్యలేదు,” అంది నార్సిసా.

“దొంగకి మర్యాదలొకటి.”

మధ్యాహ్నం కెప్టెన్ ఇన్స్‌ఫ్రాన్ లారీతో దిగాడు.

“సాక్షి ఏడండీ, దోన్ క్రిస్పిన్?”

“ఎంత వెతికినా దొరకలేదు సార్.”

“అదేంటి? నేను వెతికి పట్టుకున్నానే. పొద్దున్నే మీ ఇంటికి బయల్దేరాడు, టోపీ పెట్టుకున్న పెద్దాయన.”

నార్సిసా బస్టాండుకి పరుగెత్తి, వగరుస్తూ తిరిగొచ్చింది. బస్సు వెళ్లిపోయింది.

“గడువు దాటించడం నా చేతుల్లో లేదండీ,” అన్నాడు కెప్టెన్ నొచ్చుకుంటూ.

జవాన్లు తుపాకీని లారీ ఎక్కించారు. అది కదులుతుంటే క్రిస్పిన్‌కి నాన్న మళ్లీ పోయినట్టే అనిపించింది.

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు సార్?”

“ఆయనే వద్దన్నాడు. ‘నేనెవరో తెలిస్తే ఇక్కడ ఎవరు గేటు తీస్తారు?’ అన్నాడు.”

“నాన్న దళంలో వాడికి ఎందుకు తియ్యం?”

“దళంలో వాడు కాదండీ,” అన్నాడు కెప్టెన్. “ఆ తుపాకీ పట్టుకుని మీ నాన్నకి లొంగిపోయిన బొలీవియా సిపాయి. ఆ రోజు మీ నాన్న తనని కాల్చకుండా గొంతులో నీళ్లు పోశాడట, ఆ మేలు మర్చిపోలేక లా పాజ్ నుంచి వచ్చాడు.”