స్పాంజి ముక్క

కూతురి ఫోనులో ఆ మాటలు చదివి అమ్మ గదిలోకి దూసుకొచ్చింది.

"ఎడమ భుజం నుంచి నడుము దాకా ఎంత? కుడివైపు ఎంత? వెనక్కి తిరిగి నిలబడి ఒక ఫోటో తీయించు."

"ఎవడే వీడు?"

పదమూడేళ్ళ పిల్ల కత్తెర పక్కన పెట్టింది. ఒళ్ళో సగం కుట్టిన గద్ద వేషం ఉంది.

"ఎవరో నాకూ తెలీదమ్మా. పేరు తెల్లదారం అని ఉంటుంది. వేషాలు కుట్టుకునేవాళ్ళ గ్రూపు మాది."

"ముఖం చూశావా?"

"లేదు."

"గొంతు విన్నావా?"

"లేదమ్మా. రెక్కలో తీగ దాచడం, స్పాంజి షీటు వేడిచేసి వంచడం, అన్నీ అక్కడే నేర్చుకున్నా."

"ముక్కూ ముఖం తెలియనివాళ్ళకు నీ కొలతలెందుకే?"

"కుడి రెక్క కిందికి జారుతోంది. నాలుగుసార్లు విప్పి కుట్టా. మా గ్రూపులో తప్పు దాచకూడదు. బట్ట తిరగేసి లోపలి కుట్లు ఫోటో పెట్టాలి. అప్పుడే తప్పెక్కడుందో చెబుతారు."

"రేపు నీ ఫోటో పేపర్లో పడ్డాక చెబుతారు!"

"నీకు మెట్లెక్కినా భయమే, దిగినా భయమే."

"నువ్వూ ఒకర్ని కను, తెలుస్తుంది."

అమ్మ చేతిలోని ఫోనుకు తెల్లదారం నుంచి ఇంకో మెసేజీ వచ్చింది. ఆవిడ చదవలేదు. తెల్లదారాన్ని బ్లాక్ చేసింది. గ్రూపులోంచి కూతుర్ని తీసేసింది.

పిల్ల రెండురోజులు గద్ద వేషాన్ని ముట్టుకోలేదు.

మూడోరోజు అమ్మే సూది పట్టుకుంది.

"ఇంతోటి దానికి ఊళ్ళోవాళ్ళెందుకే?"

పల్లంగా ఉన్న కుడి భుజం దగ్గర లోపల ఓ స్పాంజి ముక్క పెట్టి కుట్టేసింది. రెక్కలు రెండూ సమంగా నిలిచాయి.

స్కూల్లో ఆ గద్దకే మొదటి బహుమతి.

అప్పట్నుంచి పిల్ల వేసుకునే ప్రతి డ్రెస్సుకూ, అడక్కుండానే, అమ్మ ఆ ముక్క పెట్టింది. ఏడాదిన్నరలో ముక్క మందం రెట్టింపైంది. పిల్ల ఎదుగుతోంది కదా అనుకుంది.

ఓరోజు మెట్లెక్కుతూ పిల్ల ఆయాసంతో మధ్యలోనే కూలబడింది.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. వెన్నెముక మెలి తిరిగి ఉంది.

"భుజాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ఇంట్లో ఎవరూ చూడలేదా అమ్మా?"

అమ్మ చెయ్యి పిల్ల డ్రెస్సులోని స్పాంజి ముక్క మీదికి వెళ్ళింది.

"మొదట్లోనే తెస్తే బెల్టుతో ఆపేవాళ్ళం. ఇప్పుడు ఆపరేషన్ తప్పదు. చేసినా నిటారుగా అవుతుందని మాటివ్వలేను."

ఇంటికొచ్చి పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

"తెల్లదారం అడిగింది ఇదే కదమ్మా" అంది. ఆ ఒక్కమాటే.

అమ్మ పాత మెసేజీలు తెరిచింది. ఆనాడు చదవకుండా వదిలేసింది అక్కడే ఉంది.

"ఆ ఫోటో నాకు పంపకపోయినా ఫర్లేదు బంగారం, మీ అమ్మను మాత్రం నీ వీపు ఒక్కసారి చూడమను, తెలియక రెండేళ్ళపాటు మా పిల్ల భుజానికి దూది పెట్టి కుట్టిన తల్లిని నేను."