పసినెత్తి మీద వాపు

స్కానింగ్ గది తలుపు మూసుకోగానే సత్యబ్రత బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఉన్నది నిన్న పొద్దున్న ఆస్పత్రిలో అతను తలకు గాలి పీల్చి పట్టే కప్పు తగిలించి బయటికి లాగిన బిడ్డ. కడుపులో గుండె చప్పుడు పడిపోతుంటే వేరే దారి లేకపోయింది. ఇవాళ ఆ నెత్తి మీద మెత్తటి వాపు. రక్తం ఎముక మీదే ఆగిందో, లోపల మెదడు దాకా చేరిందో స్కానింగే తేల్చాలి. వార్డులో ఉండలేక రోడ్డు దాటి ఈ సెంటరుకి వచ్చేశాడు.

"కూర్చో నాయనా," అంది బెంచీ మీది ముసలామె. బిడ్డ నాయనమ్మ, కుంతళ. "పక్క మంచం బిడ్డ తండ్రివి కదూ?"

కాదనకుండా సత్యబ్రత ఆమె పక్కన కూర్చున్నాడు. కాన్పు గదిలో తన ముఖానికి గుడ్డ ఉంది కాబట్టి ఆమె గుర్తుపట్టలేదనుకున్నాడు.

అంతలో ఆమె కొడుకులిద్దరూ దూసుకొచ్చారు. పెద్దవాడు గగన్, బిడ్డ తండ్రి. చేతిలో ఇనప గడియ. బిడ్డని లాగిన ఆ డాక్టరు ఇటేమైనా వచ్చాడా అని తల్లిని అడిగాడు.

కుంతళ తాపీగా కొంగు ముడి విప్పి, సత్యబ్రత దోసిట్లో గుప్పెడు మరమరాలు పోసింది. ఈయన పక్క మంచం బిడ్డ తండ్రనీ, ఇటెవరూ రాలేదనీ, ఆ డాక్టరు బారిపదా బస్సెక్కాడని ఎవరో అనుకుంటుంటే విన్నాననీ చెప్పింది. గగన్ సత్యబ్రతను ఎగాదిగా చూశాడు.

"నీ బిడ్డనీ వాడే లాగాడా అన్నా?"

"వాడే," అన్నాడు సత్యబ్రత. 

వాళ్లు బస్టాండుకి పరుగెత్తారు. ఇక దాచలేక అతను లేవబోయాడు. కుంతళ అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఒంటరిగా ఉండటానికి భయపడుతోంది పాపం అనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. స్కానింగ్ డాక్టరమ్మ కుంతళను దగ్గరికి పిలిచింది. రక్తం ఎముకకీ దాని పైపొరకీ మధ్యే నిలిచిందనీ, ఎముక చిట్లలేదనీ, మెదడు శుభ్రంగా ఉందనీ చెప్పింది. నూనె రాసి మర్దన చేయొద్దంది, వాపు కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోతుందంది.

సత్యబ్రత మోకాళ్ల మధ్య తల దాచుకున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచాడు.

"మావుసీ, నేను మీకొకటి చెప్పాలి..."

"మావాళ్లకి నేను నచ్చజెప్పుకుంటాలే," అంది కుంతళ, అతని చొక్కాకి అంటిన మరమరాలు దులుపుతూ.

"నువ్వింక నీ రోగుల దగ్గరికి వెళ్లు, డాక్టరు బాబూ."