గోదామోళ్ల కుట్టు

శుభాంగి నాందేడ్‌లనే ఉండి ఇంటర్నెట్ల చీరెలు అమ్ముతది. సైబర్ కేఫుల ఆర్డర్లు చూసొచ్చి, ఒక్కో పార్సిల్‌కు గుడ్డ చుట్టి తనే కుడుతది. కుట్టి కుట్టి మణికట్టు వాచింది.

"ఇటియ్యి, నేను కుడుత," అన్నడు పెనిమిటి కైలాశ్.

"భోకర్ మోండా మార్కెట్ల జొన్న బస్తాలు కుట్టిన చెయ్యి నీది. నా చీరెలకద్దు!"

నెల తిరగకముందే కైలాశ్ పార్సిళ్ల పని టేషన్ అవతల గోదామోళ్లకు అప్పజెప్పిన అన్నడు.

"ఒకపారి నేనొచ్చి చూస్త."

"ఆడోళ్లు వచ్చే జాగ కాదది."

శుభాంగికి అనుమానం పట్టుకున్నది. చీరెలు మారుస్తున్నరా? అసలు గోదామున్నదా? ఈయన పొద్దంత యాడ ఉంటున్నడు? చెప్పకుంట, బిలోలిల ఉన్న చెల్లె పేరు మీద ఒక చీరె ఆర్డరు పెట్టించింది.

చెల్లె ఆ పార్సిల్‌ను విప్పకుంటనే బస్సుల పంపింది. శుభాంగి ముంగట వెట్టుకొని చూసింది. కుట్టు వంకర లేదు. కాని రెండు మూలలకు కుందేలు చెవులోలె గుడ్డ కొసలు నిలబడ్డయి, హమాలి పట్టుకొని ఎత్తెతందుకు జొన్న బస్తాకు ఇడిసినట్టు.

విప్పలేదు. బీరువల దాచింది.

తెల్లారి కైలాశ్ గోదాముకని చీరెల మూట భుజానేసుకున్నడు. శుభాంగి తను కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తాన తెచ్చి ఆయన చేతుల వెట్టింది.

"గోదామోళ్లకియ్యి. సూది గుచ్చుకుంటదేమో, పాపం."