గుర్వయ్య గారి బండి

"బొంబాయిల దిగి నలభై దినాలాయె. పాలమూరు దాంక వచ్చి కూడ ఇంటి మొకం చూడవైతివి. బండి మీదున్న పానం మా మీద లేదా?"

ఫోన్‌లో నాగరాణి. మహబూబ్‌నగర్ రవాణా ఆఫీసు గోడకు ఆనుకుని గుర్వయ్య వింటున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు.

"నంబరు పడనీ. పడంగనే వస్త."

"గిదే మాట బొంబాయిల నుంచి చెప్తున్నవ్. బండి ఓడ రేవుల నుంచి బయటికి రానీ అంటివి. టెస్టు కానీ అంటివి. ఊరంత నవ్వుతాంది. బండి మోజుల పడి పెండ్లాం పిల్లను మరిచిండని."

గుర్వయ్య ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. ఆరేళ్లుగా ఆమె గొంతు వినడమే తప్ప ఆమెను చూసింది లేదు. దుబాయికి వెళ్లేనాటికి పాకుతున్న కూతురు ప్రణీత ఇప్పుడు బడికి పోతోంది.

"ఒక్కటే మాట చెప్తున్న, విను. ఇయ్యాల పొద్దుగూకే లోపల నువ్వు గడపల కాలు పెట్టకపోతే, పిల్లను తీస్కొని మా తల్లిగారింటికి పోత. తర్వాత నీ బండిల నువ్వే తిరుగు."

ఫోన్ పెట్టేసింది. నాగరాణి ఉత్తి బెదిరింపుల మనిషి కాదు. అన్నదంటే చేసి తీరుతుంది. పెళ్లయిన కొత్తలోనే గుర్వయ్యకు ఆ సంగతి అనుభవమైంది.

ఆవరణలో బండి నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. కొండలెక్కే రకం, ఇసుకలో ఈదే రకం. లైసెన్సుల కోసం వచ్చిన కుర్రకారంతా తమ పని మరిచి దాని చుట్టూ తిరుగుతూ ఫొటోలు దిగుతున్నారు. దుబాయిలో రెండేళ్లకు పైగా తిరిగిన పాత బండే. అయితేనేం, ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే.

పరాయి దేశంలో ఏళ్ల తరబడి ఉండి, మకాం ఎత్తేసి వచ్చేవాడు తాను వాడుకున్న బండిని వెంట తెచ్చుకోవచ్చు. సర్కారు ఆ వీలు ఇచ్చింది. కానీ ఆ వీలు చుట్టూ ఎన్ని కాగితాలో! గుర్వయ్య ఇప్పటికి ఎన్ని సంతకాలు పెట్టాడో అతనికే గుర్తులేదు. ప్రతిచోటా అవే ప్రశ్నలు, అవే జవాబులు. విసుగు ముదిరి ముదిరి ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది.

షాద్‌నగర్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే దశరథం ఈ పనులన్నీ దగ్గరుండి చూస్తున్నాడు. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం పైన పెట్టాలో ఆయనకు కొట్టిన పిండి. గుర్వయ్య మకాం కూడా ఆయన ఇచ్చిన గదిలోనే.

"రండి గుర్వయ్య గారు, సారు పిలుస్తున్నరు" అంటూ దశరథం వచ్చాడు.

"జర తొందరగ కానియ్యండి సారూ. ఇంటికాడ పరేషాన్‌గ ఉంది."

"అయిపోవచ్చింది. ఫికర్ చెయ్యకండి."

ఒకతను బండి కిందికి దూరి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుకొచ్చాడు. అధికారి దాన్ని ఫైలులోని అంకెలతో ఒక్కొక్కటే పోల్చి చూశాడు. తర్వాత తలెత్తాడు.

"దుబాయిలో ఏం చేసేవారు?"

"జీవాల పని సార్."

"ఎన్ని ఉండేవి?"

"ఎనిమిది వందల గొర్లు సార్."

అధికారి నవ్వాడు. "పాలమూరు మనిషి ఎక్కడికి పోయినా గొర్రెల్ని వదలడన్న మాట! బండి మీరే నడుపుతారా?"

"డ్రైవరు ఉన్నడు సార్."

"మంచిది. రెండేళ్ల దాకా దీన్ని అమ్మకూడదు. తెలుసు కదా?"

"తెలుసు సార్."

"ఇంత బండి తెచ్చుకుని మొహంలో నవ్వే లేదేమండీ?"

"అలిసిపోయిన సార్."

ఆ మాట మాత్రం మనసు అడుగునుంచి వచ్చింది. అధికారి ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

మూడు దాటాక నంబరు పడింది. గుర్వయ్య తాళాలు పట్టుకుని మెట్లు దిగుతూనే లెక్క వేసుకున్నాడు. మక్తల్ అవతల ఊరు. ఇప్పుడు కదిలితే పొద్దుగూకేలోపు చేరొచ్చు. నాగరాణికి ఫోన్ కలిపాడు.

"పడింది. బయలెల్తున్న."

 అవతల ముక్కు చీదిన శబ్దం వినబడింది. గొంతు మారిపోయింది.

"నిజంగనా? జర పైలంగ రా. కోపంల ఏందేందో అన్న, మనసుల పెట్టుకోకు. సర్పంచి డప్పులోల్లకు చెప్పి పెట్టిండు. ప్రణీత అయితే నిమ్మకాయలు పట్టుకొని వాకిట్లనే కూసుంది, నాయిన బండి చక్రాల కింద పెట్టనీకె."

"వస్తున్న" అని మాత్రం అన్నాడు గుర్వయ్య.

ఆఫీసు గేటు దాటాక దశరథం అటూ ఇటూ చూసి, గుర్వయ్య చేతిలోంచి తాళాలు లాక్కుని, "దుబాయి ఇసుకల సేటు గొర్లు కాసుకుంట ఆడనే ఎండిపోయేటోనివి, టికెట్టు కొని నిన్ను నేను తెప్పిస్తి, నీ పేరు మీద నా బండిని నువ్వు తెస్తివి, ఇద్దరికి సరి; ఇగో నీ పాస్‌పోర్టు, ఇగ ఇంటికి పోరా" అన్నాడు.