రెండో పెట్టె

కొన్న మూడేళ్ళకి మా రెండో స్పీకరు ఈ సాయంత్రం నోరు విప్పింది.

పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికిన టేప్ రికార్డర్ సెట్టు. ఒక పెట్టె పలికేది, రెండోది మూగ. ఇవాళ దాని లోపల తెగిన తీగ కలిపి, చిరిగిన కాగితానికి మా ఆవిడ కుట్టే జాకెట్ల లైనింగు ముక్క జిగురుతో అతికించాను. "ఒక్కటి చాలదూ? ఎందుకొచ్చిన తంటా?" అని మొదట్నుంచీ సణుగుతూనే ఉంది మహాతల్లి.

మాకున్నది ఒకే ఒక్క క్యాసెట్టు. అందులో మాకిష్టమైన పాటలో గాయని "ఎందుకింత ఆలస్యం?" అని అడిగి ఆగుతుంది. ఆ ఖాళీలో రోజూ నేనే జవాబు పాడేవాణ్ణి. "బస్సు దొరకలేదే!" మళ్ళీ ఆగితే, "దొరికాక టైరు పేలిందే!" మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఇవాళ గాయని అడిగి ఆగింది. నేను నోరు తెరిచానో లేదో, రెండో పెట్టెలోంచి తేనెలాంటి మగగొంతు జవాబందుకుంది!

"ఓసినీ! ఇది యుగళగీతమే! ఆవిడ గొంతు ఆ పెట్టెలో, ఆయన గొంతు ఈ పెట్టెలో వచ్చేలా పెట్టారు!" అని గంతేశాను. గంతేశాక సిగ్గేసింది. "ఇన్నాళ్ళూ ఇంత గొప్పాయన పాడేచోట నేను గాడిదలా ఓండ్రపెట్టానా? మనకేం తెలుసు!"

"నాకు తెలుసు" అంది మా ఆవిడ. "మా కుట్టు షాపు రేడియోలో పెళ్ళికి ముందు నుంచీ వింటున్నా."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ లేచి, రెండో పెట్టె వైరు పీకేసి, పాట మళ్ళీ మొదటికి తిప్పింది.

"ఆ పెద్దమనిషి రోజూ ఒకటే జవాబు చెప్తాడు. ఇవాళ నీకెందుకు ఆలస్యమైందో పాడు."