కుదుపు లేని బండి

పాత మోటారుకారు నుంచి విప్పుకొచ్చిన, కుదుపును మింగే కమాన్లను, చక్రాల హబ్బులను దొరగారి ఎడ్లబండికి బిగించాడు కమ్మరి మొగులయ్య. ఒక్క చేత్తో తోస్తే బండి జారుకుంటూ పోయింది. నవ్వుతూ చక్రానికి రాయి అడ్డం పెట్టాడు.

“చూసినవా ఐలయ్యా! ఇగ దొరకు నడుమునొప్పే రాదు.”

దొర బండి ముందు వెట్టికి పరిగెత్తేవాడు ఐలయ్య. అతను నవ్వలేదు.

“గుంతల పడ్డప్పుడల్ల దొర నడుము పట్టుకొని బండి ఆపుమంటుండె. తుక్కుగూడ నుంచి శంషాబాద్ దాక ఆరుసార్లు ఆగుతుండె.”

“అయితే ఏంది?”

“నేను ఊపిరి తీసుకునేది గప్పుడే, మొగులన్నా.”

మొగులయ్య ముఖంలో నవ్వు పోయింది. “జరసేపు ఆగు. ఒక కమాను విప్పేస్త.”

అప్పటికే బండివాడు ఎడ్లను కట్టాడు. దొర ఎక్కి, కూర్చున్నచోటే ఊగి చూసుకుని మురిసిపోయాడు.

“శాబాష్ రా మొగులిగా! ఇగ శంషాబాద్ దాక ఆగేదే లేదు. ఏం గావాల్నో అడుగు.”

“ఐలయ్యను గూడ ఎక్కించుకోండి దొరా.”

దొర పకపకా నవ్వాడు. “వాడెక్కితే ముందుర ఉరికేదెవడు? నువ్వురుకుతవా?”

మొగులయ్య ఐలయ్య వైపు చూడకుండా వంగి, చక్రం కింది రాయిని తానే తీశాడు.